మంత్రిగారి తొలి సాలు

మా ఊరివాడు మంత్రి అయ్యాడని రేడియోలో విన్న పూట నాకు అన్నం సహించలేదు. కడుపునొప్పి అని ఇంట్లో చెప్పాను. మా ఆవిడ నమ్మలేదు. "నీ దోస్తు మంత్రయితె నీకు కడుపునొప్పి లేసిందా?" అంటూ వాము నీళ్లు తెచ్చి ముందర పెట్టింది.

ఆయన పొలం, నా పొలం గట్టు పక్క గట్టు. ఇద్దరమూ నిజాంసాగర్ కాలువ నీళ్లతో చెరకు పండించినవాళ్లమే. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. నేను తమ్మీ అనేవాణ్ని. ఒక ఏడాది ఫ్యాక్టరీ గేటు ముందు చెరకు బండ్లు బారులు తీరి, ఎడ్లు దాహంతో నురగలు కక్కుతుంటే, ఆయన ఒక బండి ఎక్కి మాట్లాడాడు. నీళ్లు వచ్చేదాకా దిగలేదు. ఆ బండి నాది. దాని మీద చెరకు నాది. కింద పగ్గాలు పట్టుకొని నిలబడింది నేను. సొమ్మొకడిది సోకొకడిది అన్నట్టు పేరు మాత్రం ఆయనకు వచ్చింది. సర్పంచి అయ్యాడు, సమితి ప్రెసిడెంటు అయ్యాడు, ఎమ్మెల్యే అయ్యాడు. నా బండి మీది నుంచే కదా ఎక్కాడని ఎన్నిసార్లు పళ్లు కొరుక్కున్నానో!

నాకంటూ మిగిలింది ఒక్కటే. ఏరువాక పున్నమినాడు మా ఊళ్లో దుక్కి మొదలుపెట్టే తొలి సాలు నాది. నాగలి పడితే వంకర పోనివ్వనని పెద్దలు నాకే ఇచ్చేవారు. మిగతా నాగళ్లన్నీ నా సాలును పట్టుకొనే సాగేవి. ఆ ఏడు పెద్దలు ఇంటికొచ్చి, "గీసారి మంత్రితోని సాలు కొట్టిపిద్దాం. నీ చేన్లనే, నీ ఎడ్లతోనే" అన్నారు. మళ్లీ నా బండే! సరేనన్నాను గానీ లోపల ఒక్కటే కోరిక. సాలు వంకర పోవాలి. ఊరందరి ముందూ పోవాలి.

ఆయన కారు దిగి, పంచె ఎగ్గట్టి, నాగలి మేడి పట్టాడు. సగం చేను దాకా బాగానే తోలాడు. తర్వాత సాలు తూర్పుకు తిరిగింది. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది. చుట్టూ చూశాను. ఎవరూ నవ్వలేదు, చప్పట్లు కొట్టారు. "ఏం సాలు! దారం గుంజినట్టున్నది" అన్నాడొక పెద్దమనిషి. వెనకున్న నాగళ్లన్నీ ఆ వంకర వెంటే వంగిపోయాయి. ఆడవాళ్లు ఆ సాళ్లలోనే మక్కజొన్న గింజలు వేసుకుంటూ పోయారు.

ఆయన చెమట తుడుచుకుంటూ నా పక్కకు వచ్చి మెల్లగా అన్నాడు.

"అన్నా, వంకర వొయింది గదనే. గీళ్లెవ్వలు నాకు నిజం చెప్తలేరు. నువ్వన్న చెప్పు."

ఇన్నేళ్లూ నేను కాచుకున్న ఘడియ అదే. మాట నోటిదాకా వచ్చింది.

"లేదు సార్, మంచిగనే వచ్చింది" అన్నాను.

తమ్మీ అని పిలిచిన నోటితోనే సార్ అన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి, ఎగ్గట్టిన పంచె దించుకొని కారెక్కాడు.

ఆ వానాకాలమంతా మక్క వంకరగానే పెరిగింది. బోధన్ రోడ్డున పోయేవాళ్లు ఆగి చూసి నవ్వేవారు. ఈ చేను దున్నినవాడెవడని అడిగితే మా ఊరివాళ్లు నన్ను చూపించేవారు. ఈసారి మాత్రం పేరు నాకే వచ్చింది.