నల్లద్దం మీద బొట్టు

మొన్న దసరా మరునాడు కూరగాయలకని బయలుదేరి, సిరోంచ బస్టాండు దాటాక కొత్తగా పెట్టిన గేట్ల దుకాణం ముందు ఆగిపోయాను. వెల్డింగ్ చేసేటప్పుడు ముఖానికి అడ్డం పట్టుకునే షీల్డును మోకాలి మీద పెట్టుకుని, దుకాణం ఆయన చాయ తాగుతున్నాడు. షీల్డుకున్న నల్లద్దానికి నడిమధ్య ఇంత కుంకుమ బొట్టు, దాని చుట్టూ పసుపు. నేనేం ఆలోచించలేదు. సంచీ కింద పెట్టి, పక్కనున్న బకెట్లో కొంగు తడిపి, ఆ బొట్టును శుభ్రంగా తుడిచేశాను. పరాయి మనిషి దుకాణంలో, దేవి ముందు పెట్టిన బొట్టును, అరవై దాటిన ముత్తైదువనై ఉండి, అడగకుండా తుడిచేశాను. ఆయన చాయ గ్లాసు కింద పెట్టి లేచాడు. "అమ్మా, అది దేవి బొట్టు. గట్ల తుడుస్తివేంది?" అన్నాడు. అందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. "దేవికి నేను చెప్పుకుంట బిడ్డా. నువ్వు అద్దం పెట్టుకొని పని చేసుకో" అని, కూరగాయలు కొనకుండానే ఇంటికి వచ్చేశాను.  ఆయనకు చెప్పలేకపోయింది ఇక్కడ చెబుతాను.

మా ఆయనకు ఇదే ఊళ్లో, గోదావరికి మహారాష్ట్ర వైపు ఒడ్డున, వెల్డింగ్ దుకాణం ఉండేది. రేకుల కప్పు, ముందు వేపకొమ్మలతో వేసిన చిన్న పందిరి, లోపల ఒక మిషను. జింగనూరు వైపు అడవి ఊళ్ల నుంచి గోండు రైతులు విరిగిన నాగలి కర్రులు, సైకిల్ క్యారియర్లు మోసుకుని వచ్చేవాళ్లు. వాళ్లతో గోండీలో నాలుగు మాటలు, తహసీలు ఆఫీసు వాళ్లతో మరాఠీలో నాలుగు మాటలు మాట్లాడి, నాతో మాట్లాడే సమయానికి మా ఆయన దగ్గర మాటలు అయిపోయేవి. మనిషి నిదానం. ఒక్క విషయంలో మాత్రం పొగరు ఉండేది, తన కళ్ల మీద. గేటు నిలబెట్టాక దారం కట్టి చూడటం, మట్టం పెట్టి చూడటం ఆయనకు నామోషీ. పది అడుగులు వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి, "అటు జర లేపు" అనేవాడు. తరవాత ఎవరైనా మట్టం పెట్టి చూస్తే సరిగ్గానే ఉండేది. పెళ్లిచూపుల్లో నా కుడి కనుబొమ కొంచెం పైకి ఉందని కనిపెట్టింది కూడా ఆ కళ్లే. మా అమ్మకు కూడా తెలియని సంగతి అది. పెళ్లయిన మొదటి వారమే నాకు ఆ మాట చెప్పి, నేను మూతి ముడుచుకుంటే నెల రోజులు నవ్వాడు.

ఆ పనిలో ఉన్నవాళ్లకు కళ్లమంట కొత్త కాదు. తొందరలో షీల్డు లేకుండా రెండు చుక్కలు అతికించినా చాలు, పొద్దుగూకే వేళకు కళ్లలో ఇసుక పోసినట్టు అవుతుంది. నీళ్లు కారతాయి, వెలుగు చూడలేరు. దానికి మా వాడలో ఒక వైద్యం ఉంది. ఆలుగడ్డ చక్రాలు కోసి కళ్ల మీద పెట్టడం, వాడలో బాలింత ఎవరుంటే వాళ్లింటికి చిన్న గిన్నె పంపి, రెండు చుక్కల పాలు తెప్పించి కళ్లలో వేయడం. రెండు రోజులు చీకటి గదిలో పడుకుంటే మంట పోతుంది. మా వాడలో ఏ ఇంట్లో పురుడు జరిగినా బిడ్డ ఎవరి పోలికో ఆడవాళ్లు మాట్లాడుకునేవాళ్లు గానీ, మా ఆయన మాత్రం "ఇగ ఆరు నెలలు నాకు ఫికర్ లేదు" అనేవాడు. ఆ వైద్యం ఎన్నిసార్లు చేశానో. ప్రతిసారీ మూడోరోజు పొద్దున ఆయన లేచి దుకాణానికి పోయాడు. అందుకే నాకు ఆ రెండు రోజుల మీద అంత నమ్మకం.

మా అత్త ఉన్నన్నాళ్లూ దసరా పూజ ఆమె చేతి మీదే జరిగేది. పనిముట్లన్నీ కడిగి, పట్టుబట్ట మీద వరసగా పెట్టి, ఒక్కొక్కదానికి బొట్టు పెట్టేది. దేవి ముందు పెట్టిన బొట్టు దానంతట అదే రాలాలి గానీ చేత్తో తుడవరాదన్నది ఆమె పట్టు. ఆమె సంవత్సరీకం అయ్యాక ఆ పని నాకు వచ్చింది. నేను ఏ పనైనా సగం చేసే రకం కాదు. మిషనుకు పెట్టాను, సుత్తికి పెట్టాను, ఉలికి పెట్టాను. మా అత్త షీల్డుకు పిడి మీద పెట్టేది. నాకు ఆ షీల్డు ముఖంలాగా, అద్దం కన్నులాగా కనిపించింది. కన్నే గదా కాపాడేది అని, పసుపు తడిపి అద్దం నిండా రాసి, మీద కుంకుమ పెట్టాను. ఉలి కొట్టేటప్పుడు పెట్టుకునే తెల్లద్దాల కళ్లజోడు కొక్కేనికి కనిపించి, దాన్నీ దించి రెండు అద్దాలకూ చెరొకటి పెట్టి మళ్లీ తగిలించాను. మా ఆయన చూసి నవ్వాడు. "అన్నిటికి పెట్టినవ్. ఇగ నాకు ఒక్కనికే తక్కువ" అన్నాడు. ఆయన నుదుటికీ పెట్టాను. జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లు మొక్కాను. ఆ రోజు నా అంత సంతోషంగా ఉన్న మనిషి సిరోంచలో లేదు.

మరునాడు పొద్దున్నే జింగనూరు రైతు ఒకాయన ట్రాక్టరు తెచ్చాడు. ట్రాలీ కొండి విరిగింది, పత్తి చేను మీదనే ఉంది, మబ్బు పట్టింది. ఆయన తొందర ఆయనది. మా ఆయన షీల్డు ఎత్తి చూశాడు, పసుపు తప్ప ఏమీ కనిపించలేదు. దాన్ని మళ్లీ జాగ్రత్తగా బట్ట మీద పెట్టాడు. నేను అప్పుడు చాయ తీసుకుని వెళ్లి గడపలోనే ఉన్నాను, చూశాను. రాడ్డు గురిపెట్టి, మంట పుట్టే లోపల కళ్లు గట్టిగా మూసుకుని, ముఖం పక్కకు తిప్పి అతికించాడు. చాలామంది చిన్నాచితకా పనికి అలాగే చేస్తారు. అంతకు ముందు విరిగిన ముక్కను తీసేయడానికి ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. ఆ ఉలి నెత్తి ఏళ్ల తరబడి దెబ్బలు తిని, చుట్టూ అంచులు లేచి పగుళ్లు పట్టి ఉండేది. గ్రైండరు మీద పెట్టి ఆ అంచులు తీసేస్తానని ఎండాకాలం నుంచీ అంటున్నాడు. కొట్టేటప్పుడు కళ్లజోడు కూడా లేదు. అది నేను అలంకరించిన తీరుగా కొక్కేనికి వేలాడుతూనే ఉంది. ఒక దెబ్బకు ఆయన "అబ్బ" అని కుడికన్ను రుద్దుకున్నాడు. "దోమ కొట్టినట్టయింది" అన్నాడు. నేను చాయ చల్లారుతుందన్నాను.

సాయంత్రానికి రెండు కళ్లూ ఎర్రబడ్డాయి. నీళ్లు కారుతున్నాయి. నాకు ఏ అనుమానమూ రాలేదు, రెండు కళ్లకూ ఉంది గదా, మంట దెబ్బే అనుకున్నాను. ఆలుగడ్డ కోస్తుంటే ఆయన, మంచం మీద నుంచే, "ఈసారి వేరే తీరుగ ఉన్నదే. కుడికంట్ల లోపల ఏందో పొడుస్తాంది. పొద్దుగాల దవఖానకు పోదామా" అన్నాడు. ఎప్పుడూ దవఖాన పేరెత్తని మనిషి. అప్పుడైనా నాకు తెలియాలి. "ఎప్పటిదే గదయ్యా. రెండ్రోజులు చూద్దాం, తగ్గకపోతే పోదాం" అన్నాను. ఆయన సరే అన్నాడు. నా మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు ఎన్నడూ లేదు. పక్కింటి బాలింత దగ్గరికి గిన్నె పట్టుకుని నేనే పోయాను. ఆ పిల్ల పాపం, నిద్రపోతున్న బిడ్డను లేపకుండా ఒక పక్కకు తిరిగి పాలు పిండి ఇచ్చింది. నా చేతులతో, ఆ కుడికన్ను రెప్ప పైకి లేపి, రెండు కాదు, నాలుగు చుక్కలు వేశాను. మర్నాడూ వేశాను.

మూడోరోజు పొద్దున ఎడమకన్ను తేటగా తెరుచుకుంది. కుడికన్ను రెప్ప బూరెలా వాచింది. వేలితో పైకి లేపి చూస్తే నల్లగుడ్డు ఉండాల్సిన చోట తెల్లటి మసక. "నేను కనపడుతున్ననా" అని అడిగాను. "ఎవరో నిలబడ్డట్టున్నది" అన్నాడు. ఊళ్లో దవఖాన డాక్టరు టార్చి వేసి చూసి, ఒక్క మాటే అన్నాడు: "ఉశీర్ కరూ నకా." ఆలస్యం చేయొద్దు, ఇప్పుడే పెద్ద ఊరికి పొండి అని. మా జిల్లా ఊరు గడ్చిరోలి దారి ఆ వానలకు ఎట్లా ఉంటుందో తెలిసిందే కాబట్టి, జీపు మాట్లాడుకుని గోదావరి వంతెన మీదుగా వరంగల్ పోయాం. ఆయన ముఖం మీద తడి తువ్వాల, తల నా భుజం మీద. వంతెన ఎక్కగానే చప్పుడుకే గుర్తుపట్టి, "నీళ్లు నిండ ఉన్నయా" అని అడిగాడు. ఉన్నాయన్నాను. నిజానికి నేను నీళ్లు చూడలేదు. భూపాలపల్లి దాటేదాకా దేవుళ్లందరికీ మొక్కాను, గుర్తురాని దేవుళ్లు ఎవరైనా ఉంటే వాళ్లకూ మొక్కాను. డ్రైవరు చాయకు ఆపుతానంటే కాళ్లు పట్టుకోబోయాను. ఆయన మాత్రం తువ్వాల కింద నుంచి "నువ్వు పరేషాన్ కాకు. తగ్గుతది" అంటూనే ఉన్నాడు. రోగి ఆయన, ధైర్యం చెప్పించుకున్నది నేను.

అక్కడి కంటి దవఖానలో ఫొటో తీసి చూస్తే కంటి లోపల గోధుమగింజలో సగం ఉన్న ఇనుప పెచ్చు కనిపించింది. ఉలి నెత్తి నుంచి ఎగిరిన పెచ్చు గుడ్డును చీల్చుకుని లోపలికి పోయిందని డాక్టరమ్మ చెప్పింది. నెమ్మది మనిషి, ఎవరినీ తిట్టలేదు. "అద్దాలు పెట్టుకోలేదా" అని అడిగింది. "వాటికి బొట్లున్నయమ్మా. తుడవరాదు గదా" అన్నాడు మా ఆయన. ఆమె అది కూడా రాసుకుంది. తరవాత నా వైపు తిరిగి, "కంట్లో ఏమన్నా పోసిండ్రా" అంది. అబద్ధం చెబుదామనుకున్నాను. నోరు రాలేదు. పాలు అన్నాను. "దెబ్బ తగిలిన రోజే వస్తే ప్రయత్నం చేసేటోళ్లమమ్మా" అంది. ఆ ఒక్క మాట కంటే ఆమె నన్ను చెప్పుతో కొట్టినా బాగుండేది. పెచ్చు తీశారు, మందులు వేశారు, నాలుగు రోజులు గంట గంటకూ చుక్కలు వేశారు. చీము ఆగలేదు. ఐదోరోజు కాగితం తెచ్చారు. కన్ను తీసేయాలి, లేకపోతే ప్రాణానికే ముప్పు, ఎవరైనా సంతకం పెట్టాలి.

నేను పెట్టనన్నాను. డాక్టరమ్మ వెంట వరండా పొడుగునా నడుస్తూ, నాది తీసి ఆయనకు పెట్టండి, నాకు దూరం చూసే పని లేదు, బియ్యం ఏరడానికి ఒకటి చాలు అని బతిమాలాను. "గట్ల పెట్టేటందుకు ఉండదమ్మా" అని ఆమె నా చేయి పట్టుకుంది. మళ్లీ మంచం దగ్గరికి వచ్చి, అప్పటిదాకా గొంతులో పెట్టుకున్నది బయటపెట్టాను. "ఆ బొట్టు ఎందుకు తుడవలేదయ్యా? దేవి ఏమన్న కండ్లు పొడుస్తదా? తుడిస్తే ఏం పోయేది?" అని అడిగాను. నా తప్పును ఆయన మీద పడేయాలని చూశాను, అంతకంటే ఏం లేదు. ఆయన ముఖం నా వైపు తిప్పాడు. "దేవి కోసమా," అన్నాడు. "నువ్వు గంత ఇష్టంగ పెట్టినవ్. నీ ముందటనే ఎట్ల తుడుస్త." నేను ఆరోజు దుకాణం గడపలో నిలబడి ఉన్నాను గదా. నేను చాయ పెట్టేసి వెంటనే వచ్చేసి ఉంటే, ఆయన తువ్వాలో గుడ్డో తీసుకుని తుడుచుకునేవాడేమో. సంతకం పెట్టాను. పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే, కొట్టేసి మళ్లీ రాయమన్నారు. రెండుసార్లు రాశాను.

మిషను అమ్మేశాం. ఆయన ఇప్పుడు గొళ్లేలు, మేకులు అమ్మే చిన్న అంగడిలో కూర్చుంటాడు. గాజుకన్ను పెట్టారు, తెలియనివాళ్లు గుర్తుపట్టరు. ఒక్క కంటితో దూరం అంచనా అందదని ఇంటికి వచ్చాకే తెలిసింది. చాయ ఇస్తే చేయి గ్లాసుకు బెత్తెడు ఇవతలే ఆగి, గాలిని పట్టుకుంటుంది. పది అడుగుల వెనక నుంచి గేటు వంకర చెప్పిన మనిషి. నేను గ్లాసును ఆ చేతిలోకి జరుపుతాను, ఆయన ఏమీ ఎరగనట్టు తాగుతాడు. ఇన్నేళ్లలో దాని గురించి మేమిద్దరం ఒక్క మాట మాట్లాడుకోలేదు. పిల్లల పెళ్లిళ్లయ్యాయి, మనవలు బడికి పోతున్నారు, మంచి రోజులు రాలేదని అనను. ఈ బతుకులో ఎన్ని ఏళ్లు ఊరికే గడిచిపోయాయో, వాటిలో ఒక్కటీ నాకు తిరిగి అక్కర్లేదు, ఆ రెండు రోజులు తప్ప.