సరళ కొలత తప్పు కాదు

ఏళ్ల తరబడి ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఈరోజు మీకు చెబుతున్నాను. జాలి కోసం కాదు. జాలి పడేవాళ్లు ఇక్కడే ఆపేయండి.

బెంగళూరు పక్కన హొసకోటె దగ్గర ఒక చిన్న ప్రయోగశాలలో పనిచేసేదాన్ని. డీజిల్లోంచి గంధకాన్ని తీయడానికి తోడ్పడే నల్లటి పొడి తయారుచేశాం. అందులో ఇనుము ఉంటుంది కాబట్టి, పని అయ్యాక గాజుపాత్ర పక్కన అయస్కాంతం పెడితే పొడంతా ఆ వైపుకు చేరి అతుక్కుంటుంది. డీజిల్ వంపేసుకుని, అదే పొడిని మళ్లీ మళ్లీ వాడొచ్చు. అదే మా గొప్ప. ఆ ఆలోచన నాది.

కానీ వాడేకొద్దీ పొడి సత్తువ తగ్గిపోతోంది. అది నాకు ముందే తెలుసు. పెట్టుబడి పెట్టేవాళ్లు చూడ్డానికి వచ్చిన రోజు ఉదయం, వాడిన పొడి తీసేసి కొత్తది పోశాను. రెండూ నలుపే. అయస్కాంతం రెండింటినీ ఒకేలా లాగుతుంది. ఎవరు కనిపెడతారు?

సరళకు అనుమానం వచ్చింది. నాతో పనిచేసే అమ్మాయి, తాతల కాలం నుంచీ బెంగళూరులోనే ఉన్న తెలుగు కుటుంబం. తను కొలిచినప్పుడల్లా గంధకం మిగిలిపోతోందే, ఈరోజు ఇంత శుభ్రంగా ఎలా పోయింది? అందరూ వెళ్లాక నన్ను పక్కకు పిలిచింది.

“నిజం చెప్పక్కా. అది వాడిన పొడేనా?”

“వాడిందే.”

“మరి నాకెందుకు రావడంలేదు? నా చేతిలోనే ఏమన్నా తప్పు ఉండాదా?”

“ఉందేమో. చూసుకో.”

ఎంత తేలిగ్గా అనేశాను! భయమా? కాదు. నా ఆలోచన ఓడిపోవడం నాకిష్టం లేదు, అంతే. సరళ అవే పరీక్షలు మళ్లీ మళ్లీ చేసింది, ప్రతిసారీ గంధకం మిగులుతోందన్న సరైన ఫలితమే వచ్చినా పొరపాటు తనదే అనుకుంది, చివరికి ఈ పని తనకు చేతకాదని రాజీనామా ఇచ్చి బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఏదో ఆఫీసులో చేరింది. వీడ్కోలు కేకు నేనే తెప్పించాను.

పెద్ద ఎత్తున చేసి చూస్తే పొడి నిలవలేదు. పని ఆగిపోయింది. కారణం ఎవరూ అడగలేదు.

పోయిన వారం మా పాత యజమానికి అంతా చెప్పాను. “పోనీలెండి, ఆ ఒత్తిడిలో ఎవరైనా అదే చేస్తారు” అన్నాడు. ఎవరైనా కాదు. సరళ చేయలేదు. ఆ సాకు నాకొద్దు.

బయటికి రాగానే సరళకు ఫోన్ చేసి చెప్పాను. అంతా వింది. తర్వాత పెట్టేసింది. మళ్లీ చేస్తే ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు. క్షమించమని నేనూ అడగలేదు.

పొడి మార్చింది నేను. నెపం ఆమె మీదికి నెట్టింది నేను. ఇలా పైకి అన్నాక ఊపిరి నిండుగా అందుతోంది. అది చూసి మీకు కోపం వస్తే, రానివ్వండి.