బతికించిన పిల్ల
సినిమావాళ్లు నవలల్ని పాడుచేస్తారని మీరూ నేనూ ఊరికే అనేస్తాం గానీ, గౌలిపురలో చీరలకు ఫాల్స్ కుట్టే విమలాదేవి ఆ మాట అనదు. ఎవరైనా అంటే సూది పెదాల మధ్య పెట్టుకుని తల దించుకుంటుంది. ముప్పై ఏళ్లుగా మధ్యాహ్నం పూట ఆమె నవల చదువుతుంటే, చదువు రాని పక్కింటి అండాలు బియ్యంలో రాళ్లు ఏరుతూ వింటుంది. ఏడుపొచ్చే చోట విమలాదేవి దారం ఎక్కించే నెపంతో కాసేపు ఆగుతుంది. చదవడం మొదలైన కొత్తలో ఒక నవల చివర చిన్నపిల్ల జ్వరంతో చనిపోయింది. ఆ వారమే అండాలు కూతురు టైఫాయిడ్‌తో ఆసుపత్రిలో ఉంది. అండాలు పక్కన ఆసుపత్రికి తీసుకెళ్లే క్యారియర్ ఉంది. విమలాదేవి దారం ఎక్కించి, పుస్తకంలో లేని నాలుగు మాటలు చదివి, పిల్లను బతికించేసింది.

మొన్న ఆ నవల సినిమాగా వచ్చింది. దబీర్‌పురాలో కూతురింట్లో టీవీలో చూసిన అండాలు మండిపడుతూ వచ్చింది. “ఏం రోగమొచ్చింది వదినా ఈ సినిమావోళ్లకు? బంగారమసొంటి పిల్లను సంపి పెట్టిన్రు! నువ్వు సదివినప్పుడు మంచిగ లేశి కూసున్నది గదా?”

“వాళ్లు గంతేనే అండాలూ,” అనేసింది విమలాదేవి. ఏ పాపం ఎరగనివాళ్లను తిట్టించానని లోపల నొచ్చుకుంది.

“ఆ బుక్కు జర మా మనుమరాలికియ్యి. దానికి తెలుగు సదవొస్తది. అసలు కత ఏందో ఇంటిల్లిపాదికి సదివి ఇనిపిస్తది,” అని పోయింది అండాలు.

ఒక్కటి అబద్ధమని తేలితే ముప్పై ఏళ్లు చదివినవన్నీ ఏం కావాలి? మర్నాడు కుట్టిన చీరతో పాటు పుస్తకాన్నీ సంచిలో వేసుకుని పక్కింటికి వెళ్లింది. చీర ఇచ్చింది, చాయ్ తాగింది, వచ్చేసింది. వారమైంది. అదే సంచిలో రోజూ కూరగాయలు తెస్తోంది. పుస్తకం అడుగునే ఉంది.