వినుకొండ గోడలోని రాగి గొట్టం

ఎండలు ముదిరే వేళ ఏసీ మెకానిక్ ఊరు వదలడమంటే పెళ్లింట్లో వంటవాడు మాయమైనట్టే. అయినా ఆ మార్చిలో గుంటూరు నుంచి వినుకొండ బయలుదేరాను. అక్కడి డాక్టరమ్మ ఫోన్ చేసి, స్కానింగ్ గదిలో ఏసీ కాలిపోయిందనీ, కొత్తది కొన్నామనీ, వచ్చి బిగించమనీ చెప్పారు. పాతదాన్ని ఏడేళ్ల కిందట, తొంభై తొమ్మిదిలో, పెట్టింది నేనూ, అప్పట్లో నాతో పనిచేసే నా స్నేహితుడు మస్తానూ. మేమిద్దరం కలిసి చేసిన ఆఖరి పని అదే. ఆ తర్వాత వాడు మార్కాపురం వెళ్లిపోయాడు. మాటల్లేవు.

వెళ్లదలచినవారు ఉదయం ఐదూ నలభైఐదు ప్యాసింజరుకి అరగంట ముందే చేరుకోండి, లేకపోతే కిటికీ దొరకదు. టిక్కెట్టు పద్నాలుగు రూపాయలు. గ్యాస్ సిలిండర్లు రైల్లో ఎక్కించనివ్వరు కాబట్టి నైట్రోజన్ సిలిండర్‌నీ, గొట్టాలు కడిగే మందునీ ముందురోజే లారీ ఆఫీసులో వేశాను. పనిముట్ల సంచీ మాత్రం వెంట ఉంది. పూర్వం అది మస్తాన్ మోసేవాడు, నేను టిఫిన్ క్యారేజీ పట్టుకునేవాణ్ణి. ఆ రోజు రెండూ నా ఒళ్లోనే ఉన్నాయి.

ఫిరంగిపురం దాటేసరికి బాగా తెల్లారింది. కల్లాల్లో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల ఘాటుకి బోగీలో సగం మంది తుమ్ముతున్నారు. ఏడుంబావుకి నరసరావుపేట. ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ బాగుంటుంది, చట్నీ జోలికి పోకండి. అక్కడే ఒక రైతూ ఆయన భార్యా ఎక్కి ఎదురుగా కూర్చున్నారు. నేను చేసే పని తెలుసుకుని ఆయన, "అయితే ఈ బండికో ఏసీ తగిలించవయ్యా, నీ టిక్కెట్టు నేనిస్తా" అన్నాడు.

ఆమె నవ్వకుండా మోకాలి మీద వత్తులు చేసుకుంటోంది. చేతిలోది చేను పత్తి. గింజ తీస్తూ పింజ లాగుతోంది.

అది చూస్తే నా పాత అలవాటు గుర్తొచ్చింది. గొట్టాలు బిగించేటప్పుడు దుమ్ము పోకుండా వాటి మూతులు మూయాలి. మస్తాన్ టేపు చుట్టేవాడు. నేను మా చేలో పత్తి పిడికెడు తెచ్చుకుని, గింజతో సహా కుక్కేవాణ్ణి. "ఒరేయ్, అది లోపలికి పోతే మన కొంప మునుగుతుంది" అని తిట్టేవాడు. మా చేలో దొరికేదానికి టేపు కొనడం ఎందుకని నా వాదన.

ఎనిమిదీ ఇరవైఐదుకి వినుకొండలో దిగాను. లారీ ఆఫీసు నుంచి సరుకు ఆటోలో వేయించుకుని తొమ్మిదికల్లా ఆస్పత్రికి చేరాను. డాక్టరమ్మ ముందే హెచ్చరించారు.

"గోడ మాత్రం పగలగొట్టొద్దండి. పాత గొట్టాలు లోపలే వదిలేసి, పైనుంచి కొత్తవి వేసెయ్యండి."

"ఆ గొట్టాలే వాడుకోవచ్చండి. కంప్రెసర్ కాలింది కాబట్టి మాడిన నూనె లోపల పట్టి ఉంటుంది. అది పోయేదాకా కడగాలి, లేకపోతే కొత్త మెషినూ పాడవుతుంది."

"అతుకులు కారుతున్నాయనీ, గ్యాస్ పోతోందనీ మీరే కదండీ అప్పట్లో అన్నారు?"

అన్నాను. మొదటి ఎండాకాలమే గది సరిగ్గా చల్లబడలేదు. ఆమె ముందూ, కాంపౌండర్ ముందూ, "మస్తాన్ అతుకులు కారుతున్నాయండి" అనేశాను. అప్పట్లో కారేదీ లేనిదీ తేల్చడానికి మా దగ్గర నైట్రోజన్ లేదు, పరీక్షించి చూసిందీ లేదు. మస్తాన్ సంచీ నాకిచ్చి స్టేషనుకి నడిచాడు. అంత మంచి పనివాడు నాకు మళ్లీ దొరకలేదు. అంత మంచి స్నేహితుడూ దొరకలేదు.

"కడిగి చూద్దామండి" అన్నాను.

ముందు లావు గొట్టంలో మందు పోసి నైట్రోజన్ వదిలాను. అవతలి కొసన బకెట్లోకి నల్లటి నూనె పడింది, పుల్లటి కంపు. మూడోసారికి అడ్డం పెట్టిన తెల్లగుడ్డ తెల్లగానే ఉంది. సన్న గొట్టం దగ్గర గాలి సరిగ్గా రాలేదు. ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచాను. టప్పుమని ఏదో బకెట్లో పడింది.

పటకారుతో తీసి విప్పాను. బొగ్గులా నల్లబడిన పత్తి ఉండ, మధ్యలో గింజ. కొట్లో కొన్న దూదిలో గింజ ఉండదు. బిగించిన రోజు మస్తాన్, "దూది తీశావా?" అని అడగడమూ, నేను నిచ్చెన మీంచి చూడకుండానే, "తీశాన్లే" అనడమూ గుర్తొచ్చాయి. అక్కడే మెట్టు మీద కూర్చున్నాను.

సన్న గొట్టం కూడా శుభ్రంగా కడిగాక, రెండింట్లోనూ నైట్రోజన్ నింపి మూసి గంటసేపు చూశాను. ఒత్తిడి చూపే గేజీ ముల్లు వెంట్రుకవాసి కదల్లేదు. గోడలో మస్తాన్ వేసినవి నాలుగు అతుకులు.

డాక్టరమ్మని పిలిచి పత్తి చూపించాను. "తప్పు నాదండి. ఇది అడ్డుపడే అప్పట్లో గది చల్లబడలేదు. అతుకులు బంగారంలా ఉన్నాయి."

"ఈ మాట ఆయనకి చెప్పండి" అన్నారామె.

మూడున్నరకి కొత్త మెషిన్ తిరిగింది, పావుగంటలో గది చల్లబడింది. ఐదూ నలభైకి గుంటూరు బండి ఎక్కాను. మార్కాపురం దానికి ఎదురువైపు, రెండు గంటల దారి. మర్నాడు నాలుగు చోట్ల పనులున్నాయని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, వాడి ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

వినుకొండ వెళ్లేవారు కొండెక్కి చూడండి, చాలా బాగుంటుందట. నేను ఏడేళ్ల కిందటా ఎక్కలేదు, ఇప్పుడూ ఎక్కలేదు. ఈసారి ఎక్కుదామని అప్పట్లో ప్రతిసారీ అనేవాడు మస్తాన్.

సాతులూరులో క్రాసింగ్ కోసం బండి ఆగింది. సెల్లు తీసి, డైరీలో ఏడేళ్లుగా ఉన్న నంబరు నొక్కాను. వాడే ఎత్తాడు. పత్తి సంగతి మొత్తం చెప్పాను.

"అతుకులు?" అని అడిగాడు.

"ఒక్కటీ కారలేదురా."

"అప్పుడు నలుగురిలో అన్నావు. ఇప్పుడు నీ పక్కన ఎవరున్నారు?"

"బోగీ నిండా జనం."

"అయితే గట్టిగా చెప్పు."

లేచి నిలబడ్డాను. "మస్తాన్ వేసిన అతుకు ఒక్కటీ కారలేదు" అన్నాను. పిల్లని జోకొడుతున్న ఒకావిడ చెయ్యాపి నావైపు చూసింది.

"ఎక్కడున్నావురా?" అన్నాడు వాడు.

"సాతులూరు."

"నరసరావుపేట కూడా దాటేశావా" అన్నాడు. "వినుకొండలో ఉండగా ఫోన్ చేసుంటే బండెక్కి వచ్చేవాణ్ణి కదరా."

బండి గుంటూరు వైపు కదిలింది.