ఎర్రమందు పడ్డ బావి

మా అత్తగారి ఊరు మల్దకల్ దగ్గర. ఆ ఊళ్లో తాగడానికి పనికొచ్చే నీళ్లు ఒక్క దిగుడు బావిలోనే ఉండేవి. ఊరి ఆడవాళ్లం మెట్లు దిగి బిందెలు ముంచుకునేవాళ్లం. అంటరానివాళ్లని ఊరు దూరంగా పెట్టిన వాడలోని ఆడవాళ్లు మాత్రం ఆ మెట్ల మీద కాలు పెట్టకూడదు. ఖాళీ కుండలతో పైన వేపచెట్టు కింద నిలబడేవాళ్లు. మాలో ఎవరికైనా దయ కలిగితే బిందె ఎత్తిపట్టి వాళ్ల కుండలో పోసేవాళ్లం. బిందె కుండకు తగలకూడదు, నీళ్లు మన కాళ్ల మీదికి చిందకూడదు. కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త నాకీ విద్య నేర్పింది. నాకు తొందరగానే పట్టుబడింది. ఒక్క చుక్క కింద పడకుండా పోస్తానని కాస్త గర్వం కూడా ఉండేది. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండిపోతుంది. ఇంకెవరి మీదా కాదు, నా మీదే.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఒక ఎండాకాలం మా వైపు గత్తర వచ్చింది. కలరాను మేం అలాగే అనేవాళ్లం. వాంతులూ విరేచనాలూ పట్టుకున్న మనిషి ఒక్క పూటలో పీక్కుపోయేవాడు. పొద్దున వాకిట్లో పళ్లు తోముకుంటూ నాతో కబుర్లాడిన ఎదురింటావిడను సాయంత్రానికి మోసుకుపోయారు. నేను చేతిలో చీపురుతో అలాగే నిలబడిపోయాను. నా కూతురికి అప్పుడు నాలుగేళ్లు. మా ఆయన ఆముదాల బండి కట్టుకుని రాయచూరు పోయి ఉన్నాడు. బిడ్డను కొంగుకు కట్టుకుని తిరిగేదాన్ని.

గద్వాలలో ఒక చర్చి, దాని ఆవరణలోనే చిన్న దవాఖాన ఉండేవి. గత్తర తగిలిన ఊళ్లకు ఆ చర్చివాళ్లు బండి కట్టుకుని పోయి మందులిచ్చేవాళ్లు, గంజి కాచి పోసేవాళ్లు. వాళ్ల తెల్ల డాక్టరమ్మ ఒకరోజు మా పటేలు దగ్గరకు వచ్చి, బావిలో ఎర్రమందు వేస్తే నీళ్లలో ఉన్న రోగం చస్తుందని చెప్పింది. పటేలు సరేనన్నాడు. తెల్లదొరసాని దిగితే బావికి మైల అంటదని ఎవరు తేల్చారో నాకు తెలియదు. ఊరంతా మాత్రం అలాగే అనుకుంది.

తీరా మర్నాడు డాక్టరమ్మకు జ్వరం. ఆమె బదులు దవాఖానలో పనిచేసే నర్సమ్మ వచ్చింది. తెల్ల చీర, చేతిలో సీసా, మనిషి చూడ్డానికి నెమ్మది. ఆమె పుట్టిల్లు పక్క ఊరి వాడలో అని అందరికీ తెలుసు. బావి దగ్గర చెప్పులు విడిచి, ఎవరినీ అడగకుండా గబగబా మెట్లు దిగిపోయింది. ఊరు సగం అక్కడే ఉంది. ఆపాలన్న సంగతి మాకు తట్టేలోపే సీసాలోని పలుకులు నీళ్లలో పడ్డాయి, బావి గులాబీ రంగుకు తిరిగింది. ఆమె పైకి వచ్చి, రంగు విరిగాక రేపటి నుంచి తాగొచ్చనీ, కాచుకుంటే ఇంకా మంచిదనీ చెప్పి బండెక్కింది.

బండి కనుమరుగయ్యాక మొదలైంది గోల. బావి మైలపడింది, పూజారి వచ్చి శుద్ధి చేసేదాకా ముట్టకూడదన్నారు. పక్క ఊరి పూజారికి కబురు పెడితే, ముందు గత్తర తగ్గనీయండి, అప్పుడు వస్తానని తిరుగు కబురు పంపాడు. ఆయన ప్రాణం ఆయనకు తీపి. అందాకా వాగు ఇసుకలో చెలమలు తవ్వుకుని ఆ నీళ్లు తాగాలని పెద్దలు తీర్మానించారు. ఆ వాగులోనే, చెలమలకు ఎగువన, గత్తర ఇళ్ల గుడ్డలు ఉతుకుతున్నారు. నేను ఈ కళ్లతో చూశాను. చూసి కూడా రోజూ రెండు బిందెలు ముంచుకొచ్చి నా బిడ్డకు తాగించాను. మందు పడ్డ బావిని వదిలేసి రోగం పారే వాగుకు పోయాం. ఇంత తెలివి ఇంకే ఊరికైనా ఉంటుందా అనిపిస్తుంది.

నాలుగు రోజుల తర్వాత నర్సమ్మ మళ్లీ వచ్చింది. బావి దగ్గర నరమానవుడు లేడు. సంగతి విని ఆమె అక్కడి నుంచి నేరుగా వాడకు పోయి, ఊరు వద్దనుకున్న బావే కదా, మీరు ముంచుకోండని చెప్పింది. వాళ్లు మొదట నమ్మలేదు. తర్వాత ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, బెదురుతూ దిగారు. వారం తిరిగేసరికి వాడలో గత్తర ఆగిపోయింది. ఊళ్లో మాత్రం పాడెలు ఆగలేదు. అది కళ్లెదుట కనబడుతున్నా, అమ్మవారికి ఊరి మీద కోపం వచ్చిందని మా పెద్దలు సర్ది చెప్పుకున్నారు.

ఒక పొద్దున నా కూతురు వాంతి చేసుకుంది. మధ్యాహ్నానికి దాని కళ్లు గుంటలు పడ్డాయి, పిలిస్తే పలకలేదు. నర్సమ్మ బండి వాడ దగ్గర ఉందని విని చెప్పుల్లేకుండా పరుగెత్తాను. ఆమె వెంటనే వచ్చి మా గడప బయటే ఆగింది. లోపలికి రమ్మని మా అత్త అనలేదు. నేనూ అనలేదు. బిడ్డను వాకిట్లోకి తెప్పించుకుని చూసి, ఉప్పు వేసిన పల్చటి గంజి కొద్దికొద్దిగా, ఆపకుండా తాగించాలంది. బండిలో కాచిన గంజి ఉంది, తెస్తానంది. మా అత్త తల అడ్డంగా ఊపింది.

నర్సమ్మకు కోపం వచ్చి ఉంటే మాకు కనబడనీయలేదు.

"నా చేతిది వద్దంటె వద్దు. మీరే కాయుండ్రి, నేను గీడ కూసోని చెప్త. గని గా వాగు నీళ్లు వద్దు తల్లీ. బాయి నీళ్లే తెండ్రి."

మా అత్త నన్ను పొమ్మనలేదు, వద్దనలేదు. మొహం గోడవైపు తిప్పుకుంది. ఆవిడకూ మనవరాలంటే ప్రాణమే. నేను బిందె అందుకుని పరుగెత్తాను.

బావి మెట్ల నిండా వాడ ఆడవాళ్లు ఉన్నారు. నన్ను చూడగానే అలవాటు చొప్పున పక్కకు ఒదిగి దారి ఇచ్చారు. నా కాళ్లు మాత్రం పై మెట్టు దగ్గరే ఆగిపోయాయి. ఇంట్లో బిడ్డ చస్తోంది. నేనేమో, ఈ మెట్లు దిగితే రేపు ఊళ్లో నన్ను ఎవరు ముట్టుకోనిస్తారని ఆలోచిస్తున్నాను. కన్నతల్లికి అలాంటి ఆలోచన వచ్చిందంటే నమ్మలేరు. నాకే ఇప్పటికీ నమ్మబుద్ధి కాదు. ఎన్నోసార్లు నా చేత నీళ్లు పోయించుకున్న ముసలామె ఒకతె నా బిందెనూ నా మొహాన్నీ చూసింది.

"నేను పొయ్యాల్నా దొరసానీ?" అని మెల్లగా అడిగింది.

తలూపాను. ఆమె దిగి తన కుండ ముంచుకొచ్చి, ఎత్తిపట్టి, నా బిందెకు తగలకుండా పోసింది. మా పద్ధతే. ఒక్క చుక్క కింద పడలేదు.

పొద్దు వాలేదాకా గంజి పోస్తూనే ఉన్నాను. నర్సమ్మ మా ఇంటి ముందు రాయి మీద ఎండలో కూర్చుని, ఎంత పోయాలో, ఎప్పుడు ఆగాలో చెబుతూనే ఉంది. దీపాలు పెట్టకముందే బిడ్డ కళ్లు తెరిచి ఏడ్చింది. ఆ ఏడుపు విని మా అత్త గోడకు చేరగిలబడి తానూ ఏడ్చింది. నర్సమ్మ లేచి, చీర దులుపుకుని, ఇంకో ఇంటికి పోయింది.

వానలు పడ్డాక గత్తర పోయింది, పూజారి వచ్చాడు. బావి నీళ్లు తోడి పారబోయించి, పసుపు కుంకుమలు చల్లి, మంత్రాలు చదివి శుద్ధి చేశాడు. కొబ్బరికాయలు కొట్టిన ఆడవాళ్లలో నేనూ ఉన్నాను. వాడ ఆడవాళ్లు మళ్లీ వేపచెట్టు కిందికి పోయి నిలబడ్డారు. వాళ్లను పొమ్మని చెప్పాల్సిన పని కూడా మాకు పడలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం నర్సమ్మ నా బిడ్డను చూడ్డానికి వచ్చింది. నేను అప్పుడే బావి నుంచి నిండు బిందెతో వస్తున్నాను. నాకంటే ముందే నా కూతురు పరుగెత్తి ఆమె కాళ్లకు చుట్టుకుంది. ఆమె దాని తల నిమిరి, నావైపు తిరిగి, గొంతు ఎండిపోయింది, జర నీళ్లు పొయ్యమంది. అడిగి, వంగి, రెండు చేతులూ దోసిలి పట్టింది.

పోశాను. ఆమె కడుపునిండా తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, బిడ్డకు నీళ్లు కాచే తాగిస్తున్నరా అని అడిగింది. కాచే తాగిస్తున్నానని చెప్పాను. చెబుతూ నా చేతులవైపు చూసుకున్నాను. బిందె ఇంకా, ఆమె దోసిలి పట్టిన చోటికి మూరెడు ఎత్తునే పట్టుకుని ఉన్నాను.