ఏమైనా జరిగితే ఎవరికి చెప్పాలి

కొత్త స్కూలు వాళ్లు పంపిన ఫారాన్ని హాస్టల్ కింద జిరాక్స్ షాపులో ప్రింటు తీయిస్తే, ఆ మిషను మధ్యలో రెండుసార్లు ఆగి ఆయాసపడింది. అమీర్‌పేట మెట్రో మెట్ల దగ్గర మొదటి పేజీ పెట్టి వరసగా పరుచుకుంటూ పోతే, పంజగుట్ట చౌరస్తా దాటాక కూడా సంతకాల పేజీ ఇంకా చేతిలోనే మిగిలేది. పైన లావుపాటి ఇంగ్లీషు అక్షరాల్లో 'ఉపాధ్యాయుల వృత్తి, జీవిత ప్రణాళిక' అని ఉంది. విదేశాల్లోని ఇంటర్నేషనల్ స్కూళ్లకు ఈ మధ్య పట్టుకున్న జబ్బు ఇది. పాఠం చెప్పడానికి వచ్చే మనిషి పదేళ్ల తర్వాత ఎక్కడుంటుంది, ఏ ఊళ్లో రిటైరవుతుంది, ముసలితనంలో ఏ కిటికీ పక్కన కూర్చుని కాఫీ తాగుతుంది, అన్నీ ముందే రాసివ్వాలి.

నేను జాగ్రఫీ టీచర్ని. పద్దెనిమిదేళ్లలో ఐదు దేశాలు తిరిగాను. మా ఉద్యోగాలు రెండేళ్ల కాంట్రాక్టు మీద నడుస్తాయి. ఆగస్టులో చేరి, సూట్‌కేసులోంచి ఆవకాయ సీసా ఇంకా బయటికి తీయకముందే, 'వచ్చే ఏడాది ఉంటారా, వెళ్లిపోతారా' అని అక్టోబరులో కాగితం వస్తుంది. అందుకే నేను ఏ దేశంలోనూ కుండీ కొనలేదు. కొత్తిమీర మొలిచేలోపు వెళ్లిపోవాల్సి వస్తే దాన్ని ఎవరికి అప్పగించాలి? పెళ్లి సంగతీ అంతే. అమ్మ ఇక్కడ సంబంధం చూసి, ఫోటో పంపి, నేను దాన్ని చూసి ఆలోచించుకునేసరికి నా ఖండం మారిపోయేది.

ఇప్పుడు నాకు యాభై మూడు. ఈ వయసులో వీసా అడిగితే సగం దేశాలు నిద్ర నటిస్తాయి. ఈసారి పిలిచింది మధ్య ఆసియాలో ఒక నగరం. అక్కడ ఉగాదికి నానబెట్టి రుబ్బిన ఇడ్లీపిండి దీపావళికి కూడా పులవదట. అయినా ఒప్పుకున్నాను. ఇదే ఆఖరి పిలుపని నాకూ తెలుసు, వాళ్లకూ తెలుసు. ఇది తప్పిపోతే నేను ఆ హాస్టల్లో, సాఫ్ట్‌వేర్ కోర్సులు చదివే ఇరవై రెండేళ్ల పిల్లల మధ్య, 'ఆంటీ, మీరే కోర్సు?' అన్న ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ మిగిలిపోవాలి.

ఫారంలో పద్నాలుగో పేజీ దాకా బండి బాగానే నడిచింది. రిటైర్మెంటు తర్వాత నివాసం అన్న చోట ఏకంగా ఒక తోట, రెండు కుర్చీలు కూడా రాశాను. రెండో కుర్చీ ఎవరికని వాళ్లు అడగలేదు. పద్నాలుగో పేజీలో మాత్రం ఒక గడి ఉంది. 'అత్యవసర పరిస్థితిలో సమాచారం ఇవ్వవలసిన వ్యక్తి. స్వదేశంలో, స్వనగరంలో నివసిస్తూ ఉండాలి.'

ఆ గడిలో పద్దెనిమిదేళ్లుగా నేను రాస్తున్నది ఒకటే పేరు, ఒకటే నంబరు. అమ్మ పేరు, అమీర్‌పేటలో మేము అద్దెకున్న ఫ్లాటులోని ల్యాండ్‌లైన్ నంబరు. అమ్మ పోయి నాలుగేళ్లయింది. ఆ ఫ్లాటు ఖాళీ చేసి, ఆ ఫోన్ పీకేసి కూడా నాలుగేళ్లయింది. ఆ తర్వాత కూడా అడిగిన ప్రతి కాగితం మీదా, ఈ ఫారం మీద కూడా, అదే రాశాను. అలవాటు మీద చెయ్యి రాసేసిందని చెప్పుకోవచ్చు, కానీ చెయ్యికేం తెలుసు. తెలిసే రాశాను. పాత స్కూళ్లు ఆ గడి నిండిందా లేదా అని చూశాయి గానీ అందులో ఎవరున్నారని చూడలేదు. ఈ కొత్త స్కూల్లో ఉద్యోగుల వ్యవహారాలు చూసే ఆవిడ మాత్రం ఫోన్ చేసింది.

సోమవారం ఆవిడ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. మీరిచ్చిన నంబరు మనుగడలో లేదు. దయచేసి ఫోన్ ఎత్తగల మనిషి పేరు ఇవ్వండి. ఆ పేజీ ఖాళీది మళ్లీ జతచేశాం. శుక్రవారంలోగా నింపి పంపకపోతే కాంట్రాక్టు పంపడం కుదరదు.

ఫోన్ ఎత్తగల మనిషి. నా ఫోనులో ఉన్న పేర్లతో ఒక మండలానికి ఎన్నికలు పెట్టొచ్చు. కువైట్ ప్లంబరు ఉన్నాడు, హనోయ్‌లో జుట్టు కత్తిరించే ఆవిడ ఉంది, ఒకే ఒక్కసారి ఎక్కిన టాక్సీల డ్రైవర్లు మూడు భాషల్లో ఉన్నారు. హైదరాబాద్‌లో ఉండేవాళ్లను మాత్రం ఏరితే హాస్టల్ వార్డెను, పళ్ల డాక్టరు, సర్టిఫికెట్లకు స్టాంపులు వేయించే ఏజెంటు, ఒక పాత స్నేహితురాలు తేలారు. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు నాకు లేరు. వార్డెన్‌ను అడిగే ధైర్యం చేయలేదు. హాస్టల్లో చేరిన రోజే ఆమె లోకల్ గార్డియన్ ఎవరని అడిగితే, నా పేరే రాశాను. "మీకు మీరే గార్డియన్ ఎట్లయితరు మేడం?" అని ఆమె ఆ రిజిస్టరును వెలుతురులోకి పట్టుకెళ్లి మరీ చూసింది.

బుధవారం పొద్దున అమీర్‌పేటలో మెట్రో ఎక్కి తర్వాతి స్టేషన్లో, పంజగుట్టలో దిగాను. స్నేహితురాలు ఉండేది ఆ వెనక సందులోనే. విదేశాలకు పోకముందు ఆ దగ్గర్లో ఒక చిన్న స్కూల్లో ఆమె తెలుగు చెప్పేది, నేను భూగోళం చెప్పేదాన్ని. ఆరేళ్లు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకరి టిఫిన్ డబ్బా ఒకరం తిన్నాం. ఇప్పుడు ఆమె రిటైరైంది. తలుపు తీసి, నన్ను చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది.

"ఏంటే, నువ్వా! ఎప్పుడొచ్చావు?"

"మూడు వారాలైంది."

"మూడు వారాలు" అంది ఆమె, తప్పు చదివిన పిల్లకి ఆ మాటే తిరిగి చదివి వినిపించినట్టు. తర్వాత లోపలికి రమ్మంది. "అంత చిక్కిపోయావేంటి? అక్కడ అన్నం పెట్టరా?"

ఆ ఏడాది నేను పెరిగిన బరువుకు విమానం ఒక పక్కకు ఒరిగి వచ్చింది. ఆ మాట చెప్తే నవ్వింది. దోసకాయ పప్పు, మజ్జిగ పెట్టింది. మేము పాత హెడ్మాస్టర్ని, ఆయన విగ్గుని, వానాకాలంలో ఆ విగ్గు పడ్డ పాట్లను మళ్లీ మొదట్నుంచీ చెప్పుకున్నాం. నాలుగో ముద్ద దగ్గర నేను ఫారం తీశాను.

ఆమె ఎడంచేత్తో పేజీ పట్టుకుని, వేలితో ఒక్కో వరుసా దిద్దుతున్నట్టు చదివింది. ఆ గడి కిందే ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని పైకే తెలుగు చేసింది.

"ఉపాధ్యాయురాలు మరణించిన పక్షమున భౌతికకాయమును ఏ నగరమునకు పంపవలెను. ఇది కూడా నేనే చెప్పాలా?"

"నువ్వేమీ చెప్పక్కర్లేదు. ఫోన్ మోగితే ఎత్తు చాలు."

"బతికుండి నాలుగేళ్లు నాకు ఒక్క ఫోన్ చేయలేదు. చచ్చాక మాత్రం నాకే చేయించుకుంటావా?"

నేను గట్టిగా నవ్వాను. ఆమె నవ్వలేదు.

"నవ్వకే. నువ్వు అన్నిటికీ నవ్వుతావు. మీ అమ్మ పదో రోజున వంటవాడి మీద జోకులేశావు. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక మనసాగక నీకు ఫోన్ చేశాను. ఎత్తలేదు. మర్నాడు చేశాను, ఎత్తలేదు. మళ్లీ ఫోన్ ఎత్తే మనిషి కావాలట వీళ్లకి!"

ఆ రెండు కాల్స్ నాకు గుర్తున్నాయి. ఫోను చేతిలోనే పట్టుకుని, అది మోగి మోగి ఆగిపోయేదాకా చూశాను. ఎత్తితే ఏడుపొస్తుందని ఎత్తలేదు. ఆ తర్వాత వేసవుల్లో ఊరికి వచ్చినప్పుడు చేద్దామనే అనుకున్నాను, ఆ రెంటికీ ఏం చెప్పాలో తేలక వాయిదా వేశాను. ఈ మాట ఆమెతో అప్పుడైనా చెప్పాల్సింది. "మజ్జిగలో ఉప్పు ఎక్కువైంది" అన్నాను.

ఆమె ఫారం మడిచి నా పక్కన పెట్టింది.

"నా పేరు రాయకు. కోపం కాదు. బాగున్నానని చెప్పడానికి నువ్వెటూ చెయ్యవు. ఇంక ఆ దేశం నుంచి నాకు ఫోన్ మోగిందంటే అది ఒక్కదానికే. దానికోసం ఎదురుచూస్తూ నేను కూర్చోలేను."

ఎంత వెతికినా ఆ మాటలో నాకు తప్పు దొరకలేదు. ఆమె లిఫ్టు దాకా వచ్చింది. తలుపు మూసుకునేటప్పుడు "స్వెట్టరు కొనుక్కున్నావా?" అని అడిగింది. తల ఊపాను. కొనలేదు.

గురువారం ఏజెంటు దగ్గరికి వెళ్లాను. నా డిగ్రీ సర్టిఫికెట్ మీద స్టాంపులు పూర్తయ్యాయని కబురు పెట్టాడు. అతని ఆఫీసు అమీర్‌పేటలో ఒక రెండో అంతస్తులో ఉంది. ఆ భవనానికి కోచింగ్ సెంటర్ల బోర్డులు ఎన్ని ఉన్నాయంటే, గోడలన్నీ రేపు కూలిపోయినా ఆ బోర్డులే భవనాన్ని ఇంకో పాతికేళ్లు నిలబెడతాయి. అతని గది రెండు సెంటర్ల మధ్య ఇరుక్కుని ఉంటుంది. మనం మాట్లాడుతుంటే ఎడమ గోడలోంచి కంప్యూటర్ పాఠం, కుడి గోడలోంచి ఇంగ్లీషు ఉచ్చారణ కలిసి వినిపిస్తాయి. మనిషికి నలభై దాటవు. వచ్చేవాళ్లందరూ అతన్ని అన్నా అంటారు, ముసలివాళ్లతో సహా.

కాగితాలు సర్దుతూ పద్నాలుగో పేజీ దగ్గర ఆగాడు.

"గిదేంది మేడం, గీ డబ్బా ఖాళీగున్నది?"

"మనిషి దొరకలేదు."

"గింతేనా! దానికెందుకు ఫికర్? నన్ను రాయున్రి."

"మిమ్మల్నా?"

"దోహాల ఇద్దరు, కౌలాలంపూర్‌ల ఒక సారు, నైరోబీల లెక్కల మేడం. అందరికి నేనే. సారుకు బామ్మర్దిని. లెక్కల మేడంకు మేనమామని."

"ఆవిడ వయసెంత?"

"నాకంటె పన్నెండేండ్లు పెద్ద. అయితేంది మేడం, ఫోన్ల వయసు కనవడది కద."

ఈసారి నవ్వు బాగానే మొదలైంది గానీ మధ్యలో ఎక్కడో ఆగిపోయింది. ఎన్ని స్టాఫ్ రూముల్లో ఎంతమంది మనవాళ్లు నాకు ఇంటి కబుర్లు చెప్పారు! మా బావమరిది ఇలా, మా మేనమామ అలా అని. వాళ్లలో ఎంతమంది ఇళ్లు ఈ రెండు గోడల మధ్య ఉన్నాయో.

పెన్ను తీసి, అతని పేరేమిటని అడిగాను. ఐదేళ్లుగా వస్తున్నాను, అప్పటిదాకా అడగలేదు. చెప్పాడు. ఇక్కడ రాయను, రాస్తే అతనికి చుట్టరికాలు పెరిగిపోతాయి. సంబంధం అన్న చోట పెద్దమ్మ కొడుకు అని తేల్చుకున్నాం. పేజీ ఫోటో తీసి పంపాను. చాయ్ తెప్పించాడు. అది సగం అవకముందే అతని ఫోన్ మోగింది. ఆ స్కూలు ఆవిడే. అతను స్పీకర్ పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"యెస్ మేడం. కజిన్ సిస్టర్. వెరీ క్లోజ్."

ఆమెతో మీరు తరచు మాట్లాడుతుంటారా అని ఆవిడ అడిగింది.

"వీక్లీ మేడం. ఎవ్రీ సండే."

ఎంత తేలిగ్గా అన్నాడంటే, ఆ ఆదివారాలు నాకు కూడా గుర్తొచ్చినట్టే అనిపించింది.

చివరిసారి ఆమెను ఎప్పుడు చూశారు అని అడిగింది. అతను నావైపు చూశాడు.

"నౌ ఓన్లీ మేడం. సిట్టింగ్ ఇన్ ఫ్రంట్. టేకింగ్ చాయ్."

ఆ తర్వాత ఆవిడ ఇంకేదో అడిగింది. అతను ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి గొంతు తగ్గించాడు.

"మేడం, ఏమన్న అయితే ఏ ఊరికి పంపాల్నని అడుగుతున్నది."

"ఏదో ఒకటి చెప్పేయండి."

"పార్సిలా మేడం, గట్ల చెప్పనీకి? మీరే చెప్పున్రి."

ఐదు దేశాల పటాలు కళ్లు మూసుకుని బోర్డు మీద గీయగలను. నదులతో, సరిహద్దులతో సహా. అప్పుడు మాత్రం ఒక్క ఊరు కూడా తోచలేదు. ఎడమ గోడ పాఠం ఆగింది, కుడి గోడలో పిల్లలు ఒకే మాటను కోరస్‌గా పదిసార్లు పలికారు. అతను ఫోను మీద చెయ్యి తీయకుండా కూర్చున్నాడు.

"హైదరాబాద్ అనండి" అన్నాను.

"హైదరాబాద్ మేడం" అన్నాడు ఫోన్లో. ఆగి, నేను చెప్పని మాట ఇంకొకటి చేర్చాడు. "అవర్ హౌస్ ఓన్లీ."

ఫోన్ పెట్టేసి చాయ్ కప్పు అందుకున్నాడు. "పాసైనం మేడం. గని ఒక్క మాట. నా లిస్టుల ఇప్పటిదాంక ఎవ్వలికి ఏం కాలె. జర నా రికార్డు ఖరాబ్ చెయ్యకున్రి."

శుక్రవారం కాంట్రాక్టు వచ్చింది. హాస్టల్ మంచం మీద కూర్చుని ఏడు చోట్ల సంతకాలు పెట్టాను. పక్క మంచం అమ్మాయి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఇంటర్వ్యూకు చదువుకుంటోంది. ఎవరితోనైనా చెప్పాలనిపించి ఫోను తీశాను. పంజగుట్ట నంబరు దాకా వెళ్లాను. ఉద్యోగం వచ్చిందని చెప్తే, మరి ఎవరి పేరు రాశావని అడుగుతుంది. నొక్కలేదు. ఇది రాసే నాటికి కూడా నొక్కలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఏజెంటు దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. కొత్తగా చేరేవాళ్ల ఇళ్లకు ఆ స్కూలు ఒక మెయిల్ పంపుతుందట. మీ ఆత్మీయురాలు మీకు దూరమవుతున్నందుకు మీరెంత దిగులు పడుతున్నారో మేము అర్థం చేసుకోగలం, ఆమెను మా మనిషిలా చూసుకుంటాం అని అందులో ఉంది. దాని ఫోటో పెట్టి, కింద రాశాడు.

"మేడం, 'డియర్ ఫ్యామిలీ' అని వచ్చింది. గిది మీకా, నాకా?"

ఫోటోను పెద్దది చేసి రెండుసార్లు చదివాను. ఎన్ని విధాలుగా చూసినా అది నాకు రాసింది కాదు.

"మీకే" అని కొట్టి పంపాను.