ఆది జాకెట్టు

వంశవృక్షం రాస్తానని నేను బయల్దేరిన రోజు మా ఆయన ఒక్కటే మాట అన్నాడు. "ముందు బతికున్నవాళ్ళకి కాస్త కాఫీ పొయ్యి. పోయినవాళ్ళు ఎక్కడికీ పోరు." అవి తొంభైల తొలి రోజులు. నందిగామలో హైస్కూలు పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని. మా పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. ఖాళీగా కూర్చోవడం నాకు చేతకాదు, నోరు మూసుకుని కూర్చోవడం అంతకన్నా చేతకాదు.

పాత క్యాలెండరు కాగితాల వెనక గళ్ళు గీసి మొదలుపెట్టాను. ఆదివారం వస్తే జగ్గయ్యపేట బస్సెక్కడం, పుట్టింటివైపు ముసలీ ముతకా ఎక్కడుంటే అక్కడ వాలడం. మీ తాతగారి తల్లి ఏ ఊరి ఆడపడుచు, మీ పెద్దమ్మ ఏ జబ్బుతో పోయింది, ఇవీ నా ప్రశ్నలు. సగంమంది నేను ఆస్తిలో వాటా కోసం కూపీ లాగుతున్నాననుకున్నారు. రెడ్డిగూడెంలో నాన్నకు వరసకు అన్న అయ్యే ఒకాయన మజ్జిగ ఇచ్చి మరీ అడిగాడు, "నిజం చెప్పమ్మాయ్, ఏ సర్వే నంబరు గురించి వచ్చావు?" అని. నాకు ఒళ్ళు మండి, "మీ ముత్తాతగారి రెండో పెళ్ళి గురించి" అన్నాను. ఆ తర్వాత ఆ ఇంట్లో నాకు మంచినీళ్ళు కూడా పుట్టలేదు.

అయినా గళ్ళు నిండాయి. క్యాలెండరు కాగితాలు చాలక చార్టులు కొన్నాను. చార్టుకు చార్టు అతికించుకుంటూ పోయాను. మా తాతగారి తాతగారికి తండ్రి పేరు దొరికిన మర్నాడు బడిలో టీచర్లందరికీ మైసూర్‌పాక్ పంచాను. విశేషమేమిటని అడిగారు. చెప్పాను. మొహమొహాలు చూసుకుని తిన్నారు.

ఒక్క గడి మాత్రం నన్ను తిప్పలు పెట్టింది.

మా పుట్టింట్లో పెళ్ళి తలపెడితే ముందు పెద్దలకు బట్టలు పెడతారు. అది చాలా ఇళ్ళలో ఉన్నదే. పోయిన తాతలకు పంచెలు, నాయనమ్మలకు చీరలు పీటమీద ఉంచి, దీపం వెలిగించి దండం పెట్టుకుంటారు. మా ఇంట్లో మాత్రం ఇంకో చిన్నపీట ఉండేది. దాన్ని వీధిగుమ్మానికి ఎదురుగా వేసేవాళ్ళు. దానిమీద ఒక పరికిణీ, ఒక జాకెట్టు. వాటి ముందు దీపం ఉండదు, వాటికి ఎవరూ దండం పెట్టరు. మా మేనత్త వచ్చి వాటి మూలలకు పసుపు రాసి, ఇంట్లో ఎవరికి పడతాయనుకుంటే ఆ ఆడపిల్లకు ఇచ్చేది. నా చిన్నప్పుడు మా బాబాయి పెళ్ళికి అవి నేనే కట్టుకున్నాను. జాకెట్టు భుజాల మీంచి జారిపోతుంటే పిన్నీసులు పెట్టారు. ఆ పిన్నీసుల్లో ఒకటి పెళ్ళి జరిగినంతసేపూ నన్ను గుచ్చుతూనే ఉంది. పెళ్ళవగానే మేనత్త ఆ జాకెట్టు విప్పించి పట్టుకుపోయింది.

ఎవరో ఆడపిల్ల చిన్నతనంలోనే పోయి ఉంటుందని, ఆమెను ఇంటి పేరంటాలుగా కొలుస్తున్నారని అనుకున్నాను. నాన్నను అడిగితే, "మా పెద్దక్కట. నేను పుట్టకముందు సంగతి" అని పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. సరే, నాన్నకూ మేనత్తకూ పైన ఒక గడి గీశాను. పేరు తెలియదు కాబట్టి "పెద్దమ్మాయి" అని రాసి, అందరు పోయినవాళ్ళకూ పెట్టినట్టే ముందు "కీ.శే." అని పెట్టాను.

మేనత్త అప్పటికి జగ్గయ్యపేటలో చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. డెబ్బై దాటాయి. నోరు కాస్త దురుసు. నాకు అక్కణ్ణుంచే వచ్చిందంటారు. ఆవిడ వీధితలుపుకు వీపు పెట్టి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళి భోజనాల్లో కూడా గుమ్మం కనపడకపోతే లేచి వరస మార్చుకునేది. అదో చాదస్తం అనుకునేవాళ్ళం. చార్టు పట్టుకెళ్ళి ఆవిడ మంచంమీద పరిచాను, మెచ్చుకుంటుందని. కళ్ళజోడు పెట్టుకుని వేలితో ఒక్కో గడీ చూస్తూ వచ్చింది. ఆ గడి దగ్గర వేలు ఆగింది.

"ఈ కీ.శే. ఎవరు పెట్టమన్నారే నిన్ను?"

"పోయినవాళ్ళకి పెట్టాలి గదా అత్తయ్యా."

"పోయిందని నీకెవరు చెప్పారు? నువ్వు చూశావా? చూసినవాడు ఒక్కడన్నా ఉన్నాడా?"

నేను కలం తీసి ఆ రెండక్షరాలూ కొట్టేసేదాకా ఆవిడ వేలు తియ్యలేదు. తర్వాత చెప్పింది.

వేదాద్రి తిరునాళ్ళట. మా నాయనమ్మకు నరసింహస్వామి మొక్కు ఉంది. ఆడపిల్లలిద్దరికీ ఒకే తానులో పరికిణీలు కుట్టించి తీసుకెళ్ళింది. కృష్ణ ఒడ్డున జనం ఇసకేస్తే రాలనట్టు ఉన్నారు. నాలుగేళ్ళ మేనత్త బూర కావాలని రాగం తీసింది. "ఇక్కడే ఉండు, తెస్తా" అని అక్క చెయ్యి వదిలి జనంలోకి వెళ్ళింది. అంతే, మళ్ళీ కనపడలేదు. పడవలవాళ్ళు వలలు వేశారు. దిగువన చెవిటికల్లు దాకా మనుషులు ఒడ్డు వెంట నడిచారు. పిల్లా దొరకలేదు, పిల్ల ఒంటిమీది గుడ్డా దొరకలేదు. ఏట్లో పోయిందని తాతయ్య నీళ్ళు వదిలేశాడు. నాయనమ్మ మాత్రం వదల్లేదు. నీళ్ళలో పడగా చూసినవాళ్ళు లేరు, ఎవరో తీసుకుపోయి పెంచుకుంటున్నారు అంది. ఇంట్లో పెళ్ళికి అందరికీ కొత్తబట్టలు పెట్టి, దానికి పెట్టకపోతే రేపొచ్చి ఏమనుకుంటుంది అంది. చిన్నపీట అప్పుడు పడింది.

మంచం కిందనుంచి ట్రంకుపెట్టె లాగమంది మేనత్త. మూత తీయగానే కలరా ఉండల వాసన ముక్కుకు కొట్టింది. లోపల జాకెట్లు, ఒకదానిమీద ఒకటి. అన్నిటికన్నా అడుగున ఉన్నది నా అరచేతులు రెండూ కలిపినంత ఉంది. తిరునాళ్ళ బట్టలకోసం దర్జీకి ఆది ఇచ్చిన పాత జాకెట్టు అది. ఆది ఇంటికి తిరిగొచ్చింది, పిల్ల రాలేదు.

"తర్వాత పెళ్ళికి అదే ఆది ఇచ్చింది అమ్మ. ఒక వేలు వదులుగా కుట్టు, ఎదిగే పిల్ల అని చెప్పేది దర్జీకి. ఆ పైపెళ్ళికి ఆ కొత్తది ఆది. అమ్మ పోయాక నేను చెబుతున్నా."

జాకెట్లన్నీ మంచంమీద వరసగా పరిచాను. పెళ్ళికో వేలు చొప్పున ఒక ఆడపిల్ల నా కళ్ళముందు ఎదుగుతూ వచ్చింది. నడుమ ఒకదానికి భుజాల దగ్గర పిన్నీసులు పొడిచిన చిల్లులున్నాయి. ఆ భుజాలు తడిమి చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నా పెళ్ళికి చిన్నపీటమీద పరికిణీ పక్కన ఓణీ చేరిందని, మా చెల్లెలి పెళ్ళినాటికి ఏకంగా చీర వచ్చిందని అప్పుడు గుర్తొచ్చింది. ఫ్యాషన్ మారిందనుకున్నాం మేమంతా. మా వంశానికి ఆది ఎక్కడుందో అని ఊళ్ళు పట్టుకు తిరిగినదాన్ని, అది జగ్గయ్యపేటలో ఒక మంచం కింద మడతపెట్టి ఉంది.

అక్క పేరు కూడా చెప్పింది. పోయినవాళ్ళ పేర్లే తిప్పి తిప్పి పిల్లలకు పెట్టుకునే ఇల్లు మాది. ఆ పేరు మాత్రం నా చార్టులో ఇంకెక్కడా లేదు. "బతికున్న మనిషి పేరు ఎట్లా పెడతామే?" అంది. చార్టు మడిచి నా చేతిలో పెడుతూ, "ఇంతమంది చచ్చినోళ్ళని పట్టుకొచ్చావు. బతికున్నదాన్ని ఒక్కదాన్ని వెతకలేవా? నేను పోయేలోపు" అంది.

వెతికాను. వేదాద్రిలో పెద్దవాళ్ళను అడిగాను. తిరునాళ్ళలో పిల్లలు తప్పిపోవడం మామూలేనమ్మా అన్నారు. చెవిటికల్లులో ఒక ముసలామె అంతా విని, "మీ పిల్లా అమ్మా?" అని అడిగింది. అవునన్నాను. అలా ఎందుకన్నానో తెలియదు, వచ్చేటప్పుడు బస్సులో ఏడుపు ఆగలేదు.

చెప్పాలంటే నాకు భయం పట్టుకుంది. పోయినవాళ్ళతో ఏ ఇబ్బందీ లేదు, గీసిన గడిలో కూర్చుంటారు. ఈవిడ కూర్చోలేదు. బస్సుల్లో, కూరగాయల బజార్లో, ఆస్పత్రి బెంచీలమీద ముసలమ్మలు కనపడితే ముక్కులూ భుజాలూ చూడటం మొదలుపెట్టాను. ఒకసారి నందిగామ బస్టాండులో అచ్చం మేనత్త ముక్కున్న ఒకామె కనపడితే, ఆమె ఎక్కిన బస్సెక్కి కంచికచర్లలో దిగాను. "మీ పుట్టిల్లెక్కడండీ?" అని అడిగాను. ఆమె సంచి గుండెలకు హత్తుకుని గబగబా వెళ్ళిపోయింది. మా ఆయనకు చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. లేచి వెళ్ళి కాఫీ కలిపి తెచ్చి ఇచ్చాడు.

నేను పేట వెళ్ళినప్పుడల్లా మేనత్త ముందు నా వెనక చూసేది, తర్వాత నన్ను చూసేది. రెండువేల సంవత్సరం దాటాక ఒక ఎండాకాలం ఆవిడా పోయింది. మంచాన పడ్డాక కూడా మంచం గుమ్మం వైపుకు తిప్పించుకుంది. చివర్లో ఎంత చిక్కిపోయిందంటే, జాకెట్టు భుజాల మీంచి జారుతుంటే కోడలు పిన్నీసులు పెట్టింది. ఆవిడ అడిగిన ఒక్క మనిషినీ తెచ్చి చూపించలేకపోయాను. చార్టులో ఆవిడ పేరు ముందు కీ.శే. నేనే పెట్టాను. పై గడిలో కొట్టేసిన మరక అలాగే ఉంది.

ట్రంకుపెట్టె నా దగ్గరికి వచ్చింది. మా అమ్మాయి పెళ్ళి కుదరగానే అన్నిటికన్నా పైనున్న జాకెట్టు తీశాను. తలుపు వేసుకుని తొడిగి చూసుకున్నాను. ఎక్కడా పిన్నీసు అక్కర్లేదు, కొలత తీసి నాకు కుట్టినట్టుంది. వెంటనే విప్పేశాను.

మర్నాడు నందిగామ బజార్లో టైలరు దగ్గరికి కొత్తగుడ్డా, ఆ ఆదీ తీసుకెళ్ళాను. ఒక వేలు వదులుగా అని నోటిదాకా వచ్చి ఆగిపోయాను. నాకన్నా ముప్పై ఏళ్ళకు పైగా పెద్దావిడ. ఇంకెక్కడ ఎదుగుతుంది?

"ఒక వేలు బిగించి కుట్టండి" అన్నాను.

అతను జాకెట్టు వంకా నా వంకా చూశాడు. "మీకిది సరిగ్గానే ఉంటుందిగా అండీ?"

"నాక్కాదండీ. మా పెద్దత్తయ్యకి. ఎనభై దాటాయి, బాగా ఒళ్ళు తీసేసి ఉంటుంది."

"అట్లయితే ఈ ఆది పనికిరాదండీ. ఓసారి ఆవిణ్ణే తీసుకురండి, కొలతలు తీసుకుంటా."

తీసుకొస్తానన్నాను.